పరిచారిక అడిగిన ప్రశ్న
(చాదర్‌ఘాటులో బిషప్ అజరయ్యగారి స్మృత్యర్థము జరిగిన సభలో చదివిన ఉపన్యాసము)



బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి పేర జరుగు నీ సభలో, క్రీస్తు శిష్యుడుగా జీవించుటకు కావలసిన ధైర్యమెట్టిదో విచారింపుమని నన్ను కోరినారు. ధైర్యమనగానే మన ప్రసంగీకులు రోమా నగరపు సింహముల బోనులను, హతసాక్షుల చితులను వర్ణింతురు. నా మనస్సు మాత్రము యెరూషలేములో ప్రధానయాజకుని ముంగిట, ఆ చలిరాత్రి సేవకులు రగుల్కొలిపిన బొగ్గుల మంట యొద్దకు పోవును. తోటలో క్రీస్తును పట్టుకొనుటకు దివిటీలతోను ఆయుధములతోను వచ్చిపడిన గుంపు నెదుట ఒంటరిగా కత్తి దూసి, ప్రధానయాజకుని దాసుడైన మల్కు చెవి తెగవేసిన పేతురు ప్రాణమునకు వెరచినవాడనుట న్యాయము కాదు. అట్టి పేతురు, కొన్ని గడియలైన గడవకముందే, వాకిట కావలియున్న పనికత్తె యొకతె నీవును ఆయన శిష్యులలోని వాడవే గదా యని అడిగినంతనే, కానని చెప్పి కూలిపోయెను. ఆమె చేత కత్తి లేదు. ఆమె వెనుక సైన్యము లేదు. చలి కాచుకొనువారి నడుమ మాటవరుసకు పుట్టిన ప్రశ్న యది. యుద్ధమునకు సిద్ధపడి వచ్చిన మనస్సు ఆ ప్రశ్నకు సిద్ధపడి యుండలేదు. శిష్యునికి నిత్యము కావలసిన ధైర్యము కత్తి యెదుటి ధైర్యము కాదనియు, పనికత్తె యెదుటి ధైర్యమనియు, తెలుగు దేశపు క్రైస్తవ చరిత్రలో ఘనమైన దేదైన నున్నచో అది యీ రెండవదానియందే యున్నదనియు మీకు మనవి చేయుట నా యుద్దేశము.

మనము కూడియున్న యీ ప్రాంతమునకు ఆ ప్రశ్నతో నొక సంబంధము కలదు. చాదర్‌ఘాటు అను పేరు ఇప్పుడు మూసీ వంతెనకును దాని చేరువ వాడలకును మాత్రమే మిగిలినది గాని, ఒకప్పుడు నదికి ఉత్తరపు గట్టున కోఠీ మొదలుకొని ఆబిడ్స్, నాంపల్లి వైపు వ్యాపించిన పేట యంతయు చాదర్‌ఘాటే. దానికి వేరుగా పురపాలక సంస్థ యుండి, 1933లో హైదరాబాదు పురపాలకమున కలిసిపోయెను. బ్రిటిషు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ నానుకొని ఆంగ్లోద్యోగులు, వర్తకులు కాపురము పెట్టిరి. 1860 దశకములో ఆబిడ్స్ చెంత సెయింట్ జార్జి దేవాలయము లేచెను. గన్‌ఫౌండ్రీ కడ సెయింట్ జోసెఫ్ కతెడ్రలు, చాపెల్ రోడ్డున మెథడిస్టుల మందిరము, స్టాన్లీ బాలికల పాఠశాల వెలసినవి. వీని మేలును తక్కువచేసి చెప్పువాడను కాను. అయినను రెసిడెన్సీ పతాకపు నీడలో ఆదివారపు టారాధనకు పోవువానిని ఆ పనికత్తె అడిగినను, అవునని చెప్పుటలో అతనికి పోవునది లేదు. ఒకొక్కప్పుడు కలిసివచ్చునది కూడ కలదు. అదే ప్రశ్న, అదే నైజాము రాజ్యములో, రైలెక్కి కాజీపేట, వరంగల్లు, మహబూబాబాదు దాటిపోయిన తరువాత వచ్చు పల్లెలలో అడుగబడినప్పుడు, దానికి చెప్పు సమాధానము మనుష్యుని కూటిని, నీటిని, గూటిని ముట్టుకొనెడిది.

అజరయ్యగారు పోయినది అచ్చటికి. ఆయన తెలుగువాడు కాడు. 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై గ్రామమున నాడారు కుటుంబములో పుట్టిన తమిళుడు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దేశమంతయు తిరిగి, 1903లో భారతీయుల ధనముతో, భారతీయుల చేతులమీదుగా నడుచు మిషనరీ సంఘమును తిరునెల్వేలిలో స్థాపించినవారిలో ముఖ్యుడై, పరులను పంపి తాను నిలిచిపోవుట యుక్తము కాదని తలంచి, 1909లో గురుత్వాభిషేకము పొంది, భాష రాని డోర్నకలునకు సకుటుంబముగా తరలివచ్చెను. మొదట గుడారమే నివాసము. ముప్పదియైదేండ్ల ప్రాయమున తెలుగక్షరములు దిద్దుకొని, ఆ భాషలోనే ప్రసంగించి, ఆ భాషలోనే పాఠములు వ్రాసి, ఆ పల్లెలకు తండ్రి యయ్యెను. 1910లో ఎడింబరో మహాసభలో, ఆయనను ఆదరించి పిలిచిన పాశ్చాత్య మిషనరీల యెదుటనే, వారు భారతీయ సహోదరులకు ధనమిచ్చిరి గాని స్నేహమీయలేదని నిర్భయముగా పలికెను. సభలో కొందరు నొచ్చుకొనిరి. రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్ కతెడ్రలులో ఆయనకు బిషప్పుగా అభిషేకము జరిగెను; ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పగుట అదియే ప్రథమము. నల్లవాని చేతిక్రింద తెల్లవారు పనిచేయుట యెట్లని సందేహించిన వారికి ఆయన వాదముతో బదులు చెప్పలేదు. ముప్పదిరెండేండ్ల పరిపాలనతో చెప్పెను.

ఎడింబరో ప్రసంగమును మన పుస్తకములు తరచు స్మరించును. నాకంతకంటె గొప్పదిగా తోచునది వేరొకటి కలదు. పల్లెలలో బాప్తిస్మము పొందినవారిచేత ఆయన ఒక పని చేయించెడివారు. కొత్తగా బాప్తిస్మము పొందినవాడు, నీరింకను ఆరని తన తలమీద తన చేతినే యుంచుకొని, తాను బాప్తిస్మము పొందిన క్రైస్తవుడననియు, సువార్తను ప్రకటింపకుండిన తనకు శ్రమ తప్పదనియు పైకి పలుకవలెను. చదువు రాని కూలివాడును, చంటిబిడ్డను చంకనిడుకొన్న తల్లియు ఆ మాట పలికిరి. అజరయ్యగారి దూరదృష్టి ఇచ్చట కానవచ్చును. పనికత్తె రేపు అడుగనున్న ప్రశ్నకు ఉత్తరము నేడే, ఊరందరు వినుచుండగా, వారి నోటనే పలికించి పంపుచున్నారు. ఇక దాచుటకు వారికి చోటు లేదు. ఉపదేశివలన నేర్చిన పది ఆజ్ఞలు మరచినను, తన తలమీద తన చేతి బరువును ఎవడు మరచును?

ఆ మరునాటి నుండి జరుగునది మనవంటి పట్టణవాసులకు చక్కగా తెలియదు గనుక కొంచెము విపులముగా చెప్పుదును. పల్లెలో మాదిగవాని బ్రతుకు కొన్ని బాధ్యతలతో ముడిపడి యుండెను. ఊరిలో పశువు చచ్చిన దాని నీడ్చుకొనిపోవుట, తోలు తీయుట, ఆ తోలుతో రైతుకు మోటబొక్కెనయు చెప్పులును కుట్టియిచ్చుట, గ్రామదేవత జాతరకును శవయాత్రకును డప్పు వాయించుట, దొరగాని పటేలుగాని పిలిచినప్పుడు వెట్టికి పోవుట అతని విధులు. వానికి ప్రతిగా కళ్లములో కొలిచియిచ్చు మేర అతని హక్కు. చచ్చిన గొడ్డు మాంసమును తిననని క్రొత్త శిష్యుడు చెప్పెననుకొనుడు. తక్కినవారికి అది ఆచారభేదమే గాని, అతని యింటిలో కరవునాటి ఆహారమది. ఆదివారము పనికి రానని చెప్పెననుకొనుడు; ఆ వారము దుక్కి ఆగును, ఆసామి కోపించును. జాతరనాడు డప్పు ముట్టననెనా, ఊరంతయు ఉలికిపడును. గోడకు తగిలించిన ఆ డప్పును దించి, మంటసెగకు కాచి, చర్మము బిగిసి పలుకునట్లు చేయుటకు తరతరములుగా అలవాటుపడిన చేతులు ఊరకుండుట దేవతకు అపచారమనియు, వానలు పడకున్నను, మశూచి వచ్చినను అది వాని పాపమేననియు అందురు. ఊరివారందరును దుర్మార్గులై అట్లు చేసిరనుకొనరాదు. వారు నిజముగానే భయపడిరి. ఆ భయము నెదుట, కత్తి లేని, వాదించు చదువు లేని, పోవుటకు మరియొక ఊరు లేని మనుష్యుడు డప్పును గోడనుండి దింపక నిలిచెను. అతడు చంపబడలేదు గనుక అతని పేరు హతసాక్షుల పట్టికలో లేదు. అతడు మరునాడుకూడ అదే వాడలో నిదురలేచి, తనకు మేర పెట్టనివాని పొలము గట్టుమీదనుండియే నడిచిపోవలసివచ్చెను.

ఈ మాట నేను ఊహించి చెప్పుటలేదు. తీరాంధ్రమున ఒంగోలు చుట్టుపట్ల జరిగినదానికి ఆధారములున్నవి. తాళ్లకొండపాడు నివాసియైన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వర్తకముపై ఉత్తరమునకు పోయి, ఏలూరులో సువార్త విని, 1866లో తన భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందెను. అతడు ఏమియు నెరుగని మనుష్యుడు కాడు. అంతకుముందే యోగమార్గమున గురువుల నాశ్రయించి, ధ్యానము నేర్చి, తన కులమువారిలో గురుస్థానము పొందినవాడు. ఆ గౌరవమును ప్రక్కకు పెట్టి, క్రొత్తగా వినిన వార్తను ఊరూర మోసికొనిపోయెను. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనమండుగురితో సంఘమేర్పడెను. ఆ నెలలోనే మిషనరీ జాన్ క్లౌ తాళ్లకొండపాడు పోయి, కొన్నిదినములు విడిసి, ఇరువదియెనిమిది మందికి బాప్తిస్మమిచ్చెను. వెంటనే కరణములును మునసబులును కదిలిరి. మాదిగవాడలకు బావినీరు ఆగెను. అంగళ్లలో సరకులమ్మవలదని కట్టడి చేసిరి. తోలుపని ఇచ్చుట మానిరి. కొందరిపై లేని నేరములు మోపిరి.

ఆ సందర్భముననే క్లౌగారి కొక పరీక్ష వచ్చెను. అది ధైర్యమును గూర్చిన విషయము గనుక విడువరాదు. ఒంగోలులో ఆయన తెరచిన బడికి పై కులములవారి పిల్లలు వచ్చుచుండిరి. వారి పెద్దలు ఆయనను గౌరవించుచు, క్రైస్తవమును చెవియొగ్గి వినుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో మేము రామని వారు స్పష్టముగా చెప్పిరి. పలుకుబడి గలవారు మొదట వచ్చిన, తక్కినవారు తామే వత్తురని లోకనీతి. క్లౌ దంపతులు కలతపడి, వేరు వేరు గదులలో ప్రార్థించుచు వేదము తెరువగా, ఒకరి మాట యొకరికి తెలియకయే, దేవుడు లోకములోని హీనులను ఏర్పరచుకొనెనని పౌలు కొరింథీయులకు వ్రాసిన భాగమే యిరువురి కన్నులబడెను. పై కులములవారి పిల్లలు బడి విడిచిపోయిరి. పేరయ్య తోడివారికి తలుపు తెరువబడెను.

పదేండ్లకు 1876–78 నాటి మహాక్షామము వచ్చినప్పుడు మరియొక ధైర్యము కానవచ్చినది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలకొలది జనులకు పని కల్పించెను. కూలిడబ్బు తీసికొనిన చేతులే బాప్తిస్మమునకు చాపబడినవి, ఆయన ఇయ్యలేదు. కూటికొరకు వచ్చినారో ప్రభువుకొరకు వచ్చినారో తేలువరకు, కరవు తీరి కూలి ఆగువరకు, పదునైదు నెలలు నిరాకరించెను. లెక్కలు పంపవలసిన మిషనరీకి లెక్క పెరుగు వేళ కాదనుట సులభము కాదు. కరవు తీరినది, పనియు ముగిసినది. జనులు మాత్రము తిరిగిపోలేదు. 1878 జూలై 3న, గుండ్లకమ్మ నీటిలో, ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బియ్యము క్రైస్తవులని మనలను పరిహసించువారికి నేను ఈ తారీఖును, దానికి ముందరి పదునైదు నెలలను చూపుదును. ఆ పరిహాసమునకు మనవారు ఎల్లయెడల పాత్రులు కారని నేననలేను; ఒంగోలులో మాత్రము కారు.

ఇంతమాత్రముచేత ఇట్టి ధైర్యము క్రైస్తవుల సొత్తని చెప్పుట అవివేకము. ఈ చాదర్‌ఘాటు సమీపమున ఇసామియా బజారులో, దళితుల ఆత్మగౌరవమునకు అడుగులు నేర్పిన భాగ్యరెడ్డివర్మగారు క్రైస్తవుడు కాలేదు. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, జోగినుల దురాచారమును, కల్లుసారాయిలను, జంతుబలులను సొంతవాడల నడుమ నిలిచి ఖండించెను. ఒకే దుర్గతిని చూచి అజరయ్యగారు ఒక త్రోవను, వర్మగారు మరియొక త్రోవను పట్టిరి. మన సంఘములు వర్మగారి పేరును తమ పిల్లలకు చెప్పినచో ఎవరి విశ్వాసమునకు లోపము రాదు.

అజరయ్యగారి ధైర్యమునకు రెండువైపుల పదునుండెను. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని, అది సంఘమును రాజకీయ జాతిగా మార్చునని ఆయన తన వారితోనే పోరాడెను. అదే మనుష్యుడు, 1936–37 ప్రాంతమున, దేశమంతయు పూజించు మహాత్మాగాంధీ సామూహిక మతాంతరమును ఆక్షేపించినప్పుడు, పల్లెలోని పేదవానికి తన ఆత్మవిషయమున తానే నిర్ణయించుకొను హక్కు కలదని తలవంచక నిలిచెను. ఒకదానివలన ప్రభుత్వపు మెప్పు పోగొట్టుకొనునట్టియు, మరియొకదానివలన ప్రజల మెప్పు పోగొట్టుకొనునట్టియు స్థితిలో ఆయన ఈ రెండింటిని ఒకే హృదయముతో చేసిరి.

కాని ఆయనను మిక్కిలి వేధించినది వెలుపలి విరోధము కాదు, లోపలి వేరుపాటు. మాలపల్లెవారును మాదిగపల్లెవారును ఒకే ప్రభువును ఒప్పుకొనియు, ఒకే పాత్రలో పాలుపొందుటకు వెనుదీసిరి. ఒకరి గుడికి ఒకరు పోరైరి. డోర్నకలులో ఆయన కట్టించి 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కతెడ్రలులో హిందూ మండపపు స్తంభములును, ముసల్మానుల గుమ్మటములును ఒక కప్పుక్రింద కలిసినవి. రాతిని కలుపుట సాధ్యమైనది. 1919 నాటి ట్రాంకిబారు సమావేశము మొదలుకొని ఆయన శ్రమించిన సంఘైక్యము, ఆయన 1945 జనవరి 1న మరణించిన పిమ్మట, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా ఫలించినది. ఆంగ్లికనులు, మెథడిస్టులు, సమాఖ్య సంఘమువారు ఏకమైరి. మాల మాదిగలు ఏకమైరా? పెద్దల యెన్నికలు వచ్చినప్పుడు ఓట్లు ఎట్లు చీలునో ఈ సభలోనివారికి నేను చెప్పనక్కరలేదు. క్రైస్తవ పత్రికలలోని వివాహ ప్రకటనలు చదివి చూడుడు. రక్షణ పొందిన వరుడు కావలెనని వ్రాసిన పంక్తి క్రిందనే కులము పేరుండును. మాదిగ తల్లికిని యాదవ తండ్రికిని జన్మించి, క్రైస్తవుడుగా పెరిగి, గబ్బిలమును వ్రాసిన జాషువ మహాకవికి వెలుపల పొందిన అవమానముతో పాటు లోపల చల్లని చూపు లభించినదని చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది. ఊరిపెద్ద యెదుట డప్పు ముట్టననిన తాతయొక్క మనుమడు, తన కుమార్తె పక్కపల్లె పిల్లవానిని కోరినప్పుడు బంధువుల యెదుట నోరు మెదపలేకపోవుచున్నాడు. ఇచ్చటను అడుగువారు పనికత్తె వంటి సామాన్యులే: మేనత్తలు, పినమామలు, తోడికోడండ్రు.

ఈ నగరమున జీవించి మరణించిన సువార్తికుడు భక్తసింగుగారి జీవితమునందును ఆ ప్రశ్న బంధువుల నోటనే వచ్చినది. పంజాబులో సిక్కు కుటుంబమున పుట్టి, ఇంగ్లండు, కెనడాలలో యంత్రశాస్త్రము చదివి, వాంకూవరులో బాప్తిస్మము పొంది, 1933లో బొంబాయి రేవున దిగినప్పుడు తండ్రి అడిగినది ఒక్కటే: విశ్వాసమును విడువవలదు, బయటికి చెప్పవద్దు; ఇంటి మర్యాద నిలుపుమనెను. ఎంతటి ప్రేమతో కూడిన కోరిక! క్రూరుడు అడిగినచో కాదనుట సులభము. కుమారుడు కాదనెను, తల్లిదండ్రులు అతనిని రేవులోనే విడిచి వెళ్లిరి. 1950 నుండి హైదరాబాదు కేంద్రముగా, హెబ్రోను మందిరములో, జీతమడుగక, చందా అడుగక, ఏబదియేండ్లు పనిచేసి, 2000 సెప్టెంబరు 17న ఆయన గతించెను.

ఇక నేను చెప్పదలచిన కడపటి విషయము సుఖముగా వినదగినది కాదు. అయినను దానిని దాటవేసిన ఈ యుపన్యాసము వ్యర్థము. నేటి మన సంఘములలో ఆ పనికత్తె ప్రశ్న కులధ్రువీకరణ పత్రము రూపమున, తహసీల్దారు కచేరీలో, మతమేదను గడిలో అడుగబడుచున్నది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి యుత్తర్వు హిందువులు కానివారిని షెడ్యూల్డు కులములలో చేర్చలేదు. తరువాత 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ తలుపు తెరచిరి గాని క్రైస్తవులకు తెరువలేదు. మన రాష్ట్రములలో క్రైస్తవుడనని వ్రాసిన మాల మాదిగ బిడ్డ వెనుకబడిన తరగతులలో ‘సి’ విభాగమున చేరును; ఆ విభాగమునకు ఉన్నది నూటికి ఒక్క వంతు. కాబట్టి ఆదివారము కీర్తనలు పాడు తండ్రి, సోమవారము తన కుమారుని హిందువని వ్రాయించుచున్నాడు. బావినీరు మతము మారినంత మాత్రమున తీయనైనదా? ఊరిలో ఇల్లు అద్దెకడిగినప్పుడు కులము విడిచినదా? విడువనిదానికి పరిహారము మాత్రము విడువవలెననుట అన్యాయమని నా దృఢాభిప్రాయము. ఆ చట్టము మారవలెనని సంఘములు అడుగవలసినదే. కాని చట్టము మారువరకు ఆ తండ్రి యేమి చేయవలెను? అతనిని పిరికివాడనుటకు నాకు నోరు రాదు. నా సంతానము చదువు ముగించినది; ఆ గడి నింపుటకు నేను కచేరి గడప త్రొక్కవలసిన పనిలేదు. కష్టము లేనివాడు కష్టములో నున్నవానికి ధైర్యము బోధించుట పరిసయ్యుల పద్ధతి.

అయినను ఉన్నది ఉన్నట్లు వ్రాసినవారు ఈ నగరములో కలరు. వారు వైద్యకళాశాలలో సీటు పోగొట్టుకొన్నారు, ఉద్యోగపు పట్టికలో వెనుకబడినారు, బంధువులచేత మూర్ఖులనిపించుకొన్నారు. వారి పేర్లు నేను చెప్పను; చెప్పుట వారికి ఇష్టము కాదు. గోడమీది డప్పును దింపని తాతల వంశము నిలిచియున్నదన్నచో వారియందే నిలిచియున్నది. వారిని మన సంఘము ఏమి చేసినది? వేదికనుండి పొగడి, ఇంటికి పంపినది. అజరయ్యగారి పేర మీరు కూర్చిన యీ నిధిని గూర్చి కార్యవర్గమువారికి నాకొక విన్నపము కలదు. ప్రతి యేడు ఉపన్యాసకునికి శాలువ కప్పుటకును, కరపత్రము లచ్చువేయుటకును వ్యయమగు ధనమును, మతపు గడిలో సత్యము వ్రాసి, దానివలన చదువునకు ఆటంకము కలిగిన ఒక బిడ్డ రుసుములకు మరల్చుడు. ఆ బిడ్డ మాలపల్లెదియా మాదిగపల్లెదియా అని అడుగకుడు. ఉన్నతోద్యోగములలో నున్న మన పెద్దలు తమ జీతములలో నొక భాగము దానికి కలుపుదురుగాక. ఈ యేటి శాలువను నేను వలదనుచున్నాను. దాని వెలను కోశాధికారిగారు ఆ పద్దున నేడే జమకట్టుకొనవలెనని కోరుచున్నాను.